టగుల్ చక్రం, తత్సంబంధ వ్యాజ్యం

టెక్సస్ రాష్ట్రపు తూర్పు కొసన, పైన్ చెట్ల నడుమ ఉన్న డాబ్స్‌విల్ పట్టణంలో ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన ఎనభై నాలుగు కంప్యూటర్ సంస్థలు కాపురముంటున్నాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. అన్నీ కోర్టు ఎదుట ఉన్న ఒకే మేడలో ఉంటాయి. సంస్థకో గది, గదికో తలుపు, తలుపుకో ఇత్తడి పలక. లోపల ఒక బల్ల, ఒక కుర్చీ. మనుషులు మాత్రం ఉండరు. మనుషులంటూ ఉంటే జీతాలడుగుతారు, సెలవులడుగుతారు, ఖర్మ కాలితే ఏదైనా కనిపెట్టినా కనిపెడతారు.

ఇన్ని సంస్థలు ఇక్కడికి తరలిరావడానికి కారణం ఊరి నీళ్ళూ కాదు, గాలీ కాదు. కోర్టు. "ఫలానాది నేను కనిపెట్టాను, వాడు కాపీ కొట్టాడు" అని ఎవరొచ్చి మొరపెట్టుకున్నా కన్నతల్లిలా వింటుందని డాబ్స్‌విల్ కోర్టుకు దేశమంతటా పేరు. ఊళ్ళో ఉన్నవాడికే ఊరి కోర్టు గనుక, దావా వేయదలచిన ప్రతి సంస్థా ముందు ఇక్కడ ఇల్లు తీసుకుంటుంది. కాపురమన్నాక ఇంట్లో దీపం వెలగాలి. ఆ దీపాలు వెలిగించే ఉద్యోగం నొవెల్లా టగుల్‌ది. పొద్దున ఎనిమిదింటికి తాళాల గుత్తితో మేడెక్కి, ఎనభై నాలుగు గదుల్లో ఎనభై నాలుగు మీటలు నొక్కి, సాయంత్రం అయిదింటికి మళ్ళీ ఆర్పుతుంది. వారానికోసారి కుర్చీలు కాస్త పక్కకు జరుపుతుంది. శుక్రవారం నాడు చెత్తబుట్టలో ఒక కాగితం నలిపి పడేస్తుంది. ఈ చివరిది ఎవరూ చెప్పని పని. ఉప్పు తిన్నందుకు ఆవిడ తనంతట తాను చేసే సేవ.

నొవెల్లా భర్త హాలిస్ టగుల్. అరవై ఎనిమిదేళ్ళవాడు. కోర్టు వెనక వీధిలో నలభై ఐదేళ్ళుగా జెల్లచేపల వేపుడు దుకాణం నడుపుతున్నాడు. మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయించిన చేప, పక్కన మొక్కజొన్న బోండాలు, క్యాబేజీ పచ్చడి, ఐసు వేసిన తీపి టీ. ఇంతే సరుకు. హాలిస్‌కు కంప్యూటర్ లేదు, పేటెంట్ అంటే ఏమిటో తెలియదు, అబద్ధం ఆడటం చేతకాదు. ఇది గొప్ప గుణమని ఆయనెప్పుడూ అనుకోలేదు. అబద్ధమాడితే చెవులు మిరపపళ్ళలా ఎర్రబడే జబ్బు ఒకటి చిన్నప్పటినుంచీ ఉంది, అందుకని మానేశాడు. ఆ కారణంగానే ఊళ్ళో ఆయనతో పేకాటకు అందరూ ఉబలాటపడతారు.

ఒకప్పుడు ఈ ఊళ్ళో పత్తి మిల్లు ఉండేది, మూతపడింది. రైలు పెట్టెల కర్మాగారం ఉండేది, అదీ మూతపడింది. ఇక ఊరే మూతపడుతుందని అంతా సిద్ధమవుతుండగా, ఎక్కడినుంచో ఒక పేటెంట్ దావా దారితప్పి వచ్చి గెలిచింది. తరవాత తొలకరి ఉసిళ్ళలా లాయర్లు దిగారు. కాలిఫోర్నియా నుంచి, న్యూయార్క్ నుంచి వచ్చి, దిగిన రోజే పశువుల దాణా కొట్లో కౌబాయ్ తోలు బూట్లు కొనుక్కుని, కాళ్ళు బొబ్బలెక్కి కుంటుతూ, "మాదీ పల్లెటూరేనండీ" అని ఊరివాళ్ళను పలకరించేవారు. ఊరివాళ్ళు జాలిపడి వాళ్ళకు గదులు అద్దెకిచ్చారు, భోజనాలు పెట్టారు, కాగితాలు అచ్చువేసిచ్చారు. ఇప్పుడు డాబ్స్‌విల్‌లో చెప్పులు కుట్టే అతనికి కూడా వాయిదా అంటే ఏమిటో తెలుసు.

దావాలన్నిటిలో పెద్దది బ్రిండిల్ సంస్థకూ టాల్‌వెన్ సంస్థకూ మధ్య నడుస్తున్నది. కంప్యూటర్ ఏదైనా పని ఆలస్యం చేసేటప్పుడు తెరమీద చిన్న చక్రం ఒకటి గిరగిరా తిరుగుతుంది గదా. బ్రిండిల్ వారి యంత్రాల్లో అది కుడివైపు తిరుగుతుంది. టాల్‌వెన్ వారి యంత్రాల్లో ఎడమవైపు తిరుగుతుంది. "నిరీక్షించు వ్యక్తియందు ఆశ సడలకుండ నిలుపు వర్తుల భ్రమణ సాధనము, తత్పద్ధతి" అన్న పేరుతో బ్రిండిల్ వారు రెండువేల మూడులో దీనికి పేటెంట్ పొందారు. చక్రాన్ని అటు తిప్పినా ఇటు తిప్పినా అది చక్రమేననీ, జనాన్ని వెయిటింగ్‌లో పెట్టే హక్కు తమ సొంతమనీ వారి వాదన. జనం కంప్యూటర్ పుట్టకముందునుంచే వెయిటింగ్‌లో ఉన్నారనీ, అది మానవజాతి ఉమ్మడి ఆస్తి అనీ టాల్‌వెన్ వారి ప్రతివాదన. ఈ సంగతి తేల్చడానికి ఏడేళ్ళు పట్టింది. ఏడేళ్ళూ ఉభయపక్షాలూ నిరీక్షించాయి.

తీర్పు చెప్పే జ్యూరీలో కూర్చునేది ఊరిజనమే గనుక రెండు సంస్థలూ ఊరిని ప్రేమించడంలో పోటీపడ్డాయి. బ్రిండిల్ వారు బడి బ్యాండుకు ఇరవై బాకాలిస్తే, టాల్‌వెన్ వారు నలభై ఇచ్చారు. బళ్ళో పిల్లలున్నది ముప్ఫై ఒక్కరు. మంగలి ఎల్‌రాయ్ తల్లి పోయినప్పుడు బ్రిండిల్ వారు నిలువెత్తు పూలచక్రం పంపారు. విషయం తెలిసి టాల్‌వెన్ వారు రెండు నిలువులది పంపారు. సాయంత్రానికల్లా ఇరుపక్షాల పూలూ చర్చి తలుపుదాకా పేరుకుని, శవపేటిక ఎక్కడుందో వెతకడానికి అగ్నిమాపక దళాన్ని పిలవాల్సి వచ్చింది. "మా అమ్మ బతికుండగా ఎవరూ ఒక్క గులాబీ ఇవ్వలేదు. ఎంత అదృష్టవంతురాలో!" అని ఎల్‌రాయ్ కళ్ళు తుడుచుకున్నాడు.

ఇలా సవ్యంగా సాగిపోతున్న పట్టణ జీవితంలోకి ఒకనాటి మధ్యాహ్నం ఇంగ్రిడ్ సోల్‌బర్గ్ అనే లాయరమ్మకు ఆకలి వేయడంతో కష్టం వచ్చిపడింది. ఆవిడ టాల్‌వెన్ పక్షం పెద్ద లాయరు. రోజూ హోటల్ భోజనమే తినేది. ఆరోజు హోటల్లో బ్రిండిల్ లాయర్లు బల్లలన్నీ ఆక్రమించారు. వాసన పట్టుకుని వెనక వీధికి వచ్చి, హాలిస్ దుకాణంలో కూర్చుని చేప అడిగింది. హాలిస్ లోపలికెళ్ళి చేప నూనెలో వేసి, వచ్చి గోడమీద ఒక మీట నొక్కాడు.

గోడ పైభాగాన ఒక పాత సైకిలు చక్రం ఉంది. దానికి వాషింగ్ మెషీన్ మోటారు బిగించి ఉంది. చువ్వల మధ్య రేకుతో చేసిన ఎర్రచేప ఒకటి. చక్రం నెమ్మదిగా, కిర్రుమంటూ తిరగసాగింది. ఎర్రచేప తన తోక పట్టుకోవడానికి తనే పరిగెడుతున్నట్టు చుట్టూ తిరుగుతోంది. లాయరమ్మ దానివంక చూసింది. చూస్తూనే ఉంది. ఎంతసేపైందో తెలియలేదు. చక్రం ఆగింది, పళ్ళెంలో చేప వచ్చింది. అప్పుడు గాని ఆవిడకు తెలివి రాలేదు. చేతిలో ఫోర్కు జారి కిందపడింది.

"అదేంటండీ?" అంది.

"చక్రమమ్మా."

"చక్రమని తెలుస్తోంది. ఎందుకది?"

"చేప ఆలస్యమైతే జనానికి కోపాలొస్తాయి గదమ్మా. అది తిరుగుతుంటే చూస్తూ కూర్చుంటారు. ఆగిందంటే చేప వచ్చినట్టే."

"ఎప్పట్నుంచి ఉంది?" లాయరమ్మ కుర్చీలోంచి లేచి అడిగింది.

"డెబ్బై తొమ్మిది జూలై. మా ఆవిడ పురిటికని ఆస్పత్రిలో ఉంది. వంటింట్లో నేనొక్కణ్ణే. బయట జనం బల్లలు బాదేస్తున్నారు. చేతికందింది బిగించేశా. పేపర్లో ఫోటో కూడా వేశారు."

లాయరమ్మ చేప ముట్టుకోలేదు. హాలిస్ చెయ్యి పట్టుకుని, "మీరు కోర్టుకొచ్చి ఇదే మాట చెప్తారా?" అని అడిగింది.

"అడిగితే చెప్తానమ్మా. దాచుకోడానికేముంది? ముందు తినండి, చల్లారితే జెల్లచేప జిగురైపోద్ది."

రెండువేల మూడులో కనిపెట్టినదాన్ని డెబ్బై తొమ్మిదిలోనే ఒకడు గోడకు తగిలించాడని రుజువైతే బ్రిండిల్ పేటెంట్ చెల్లదు. అది చెల్లకపోతే దాని మీద ఆధారపడి ఊరి కోర్టులో నడుస్తున్న మరో ఇరవై ఆరు దావాలు కూలిపోతాయి. దావాలు పోతే లాయర్లు పోతారు. లాయర్లు పోతే మిగిలేది పైన్ చెట్లు. ఈ లెక్క గంటలో ఊరంతా పాకింది. ఆ సాయంత్రమే అగ్నిమాపక కేంద్రంలో ఊరి సభ ఏర్పాటైంది. మేయర్ బక్ లాసిటర్ అధ్యక్షత వహించాడు. ఆయన హాలిస్‌తో కలిసి చదువుకున్నవాడు, ఊళ్ళో ఉన్న ఏకైక హోటల్ యజమాని. ఈ రెండో విషయానికీ ఆయన ఉపన్యాసానికీ ఏ సంబంధమూ లేదని ఆయనే స్వయంగా ప్రకటించాడు.

"సోదర సోదరీమణులారా!" అన్నాడు బక్. "నేను సత్యానికి వ్యతిరేకిని కాను. సత్యం చాలా గొప్పది. కానీ ఆలోచించండి. సత్యం ఒంటరిది. వస్తుంది, ఒక్క మాట చెప్తుంది, వెళ్ళిపోతుంది. దానికి గది అక్కర్లేదు, భోజనం అక్కర్లేదు. అదే వివాదమనుకోండి, దానికి రెండు పక్షాలుంటాయి. పక్షానికి ఇరవైమంది లాయర్లు. వాళ్ళకు గదులు కావాలి, పొద్దున టిఫిన్లు కావాలి, బట్టలు ఇస్త్రీ కావాలి. సత్యం ఈ ఊరికి ఏం పెట్టింది? పత్తి మిల్లు మూతపడ్డప్పుడు సత్యం ఎక్కడుంది? మన పిల్లల చేతుల్లో బాకాలు పెట్టింది సత్యమా, సందేహమా?"

"సందేహమే!" అని సభ ముక్తకంఠంతో బదులిచ్చింది.

తరవాత బక్ వేదిక దిగి హాలిస్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరే హాలిసూ, నిన్ను అబద్ధమాడమని ఎవరూ అనట్లేదురా. తారీఖు గుర్తులేదను, చాలు."

"గుర్తుంది గదరా. మా అమ్మాయి పుట్టినరోజది."

"పుట్టినరోజులు మర్చిపోని మగాడెవడ్రా? నేను మా ఆవిడది ఏటా మర్చిపోతాను. నన్ను చూసి నేర్చుకో."

హాలిస్ ప్రయత్నిద్దామనుకున్నాడు. "గుర్తు... లేదు" అని నెమ్మదిగా అని చూశాడు. చెవులు ఎంత ఎర్రబడ్డాయంటే, మూలన కూర్చున్న అగ్నిమాపక సిబ్బంది అలవాటు కొద్దీ లేచి నిలబడ్డారు.

ఇంటికొచ్చాక నొవెల్లా తాళాల గుత్తి బల్ల మీద పెట్టి, పక్కనే కూర్చుంది. గుత్తి వంక చూస్తూ అంది, "ఆ గదుల్లో ఎవరూ లేరని నాకు తెలీదనుకున్నావా? ముప్ఫై ఏళ్ళు బళ్ళో వంటలు చేశా. రిటైరయ్యాక నన్ను పిలిచి పనిచ్చినోళ్ళు ఎవరు? ఆ లేనోళ్ళే."

"నన్నేం చెయ్యమంటావే?"

"నేనేం అనట్లా. నువ్వు చెప్పకుండా ఉండలేవని తెలిసే చేసుకున్నా. ఆరోజు మా నాన్న నీ ఆస్తెంత అని అడిగితే, ఒక సైకిలు, అదీ చక్రం లేదు అని చెప్పావు." ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకుంది. "కోర్టుకు ఆ గళ్ళచొక్కా వేసుకుపోకు. ఇస్త్రీ చేస్తా ఇంకోటి."

ఊరు కూడా తన వంతు కర్తవ్యం నెరవేర్చింది. మర్నాటినుంచి దుకాణానికి వచ్చినవాళ్ళందరూ చక్రానికి వీపు పెట్టి కూర్చోసాగారు. "చక్రమా? మేం ఎప్పుడూ చూడలేదే" అని రేపు ప్రమాణం చేయవలసివస్తే ప్రమాణం అబద్ధం కాకూడదని వారి నియమం. దారిన పోయే లారీడ్రైవరు ఒకడు, జనమంతా ఒకే గోడకేసి చూస్తూ చేప తినడం గమనించి, ఇదేదో మతమనుకుని తనూ టోపీ తీసి అటే తిరిగాడు. ఊరి వారపత్రిక ఆఫీసులో డెబ్బై తొమ్మిది నాటి ఫైలు తెరిస్తే, జూలై నెల రెండో వారం సంచికలో మూడో పేజీలో ఫోటో ఉండాల్సిన మేరకు మాత్రం ఎలుకలు కొట్టి ఉన్నాయి. చుట్టూ ఒక్క అక్షరం ముట్టకుండా, కత్తెర పెట్టినంత నీటుగా కొట్టాయి. డాబ్స్‌విల్‌లో ఎలుకలకు కూడా పేటెంట్ చట్టం మీద అవగాహన ఉందని దీన్నిబట్టి తెలుస్తోంది.

విచారణ రోజు వచ్చింది. జడ్జి థర్మన్ క్రౌలీ పీఠం మీద కూర్చున్నారు. ఎనిమిదిమంది జ్యూరీలో మంగలి ఎల్‌రాయ్ ఒకడు. జ్యూరీ ఎంపికలో "మీకు కంప్యూటర్ల గురించి ఏమైనా తెలుసా?" అని అడిగితే "బొత్తిగా తెలీదండి" అని ఉత్సాహంగా చెప్పినందువల్ల అతన్ని ఇరుపక్షాలూ ఏకగ్రీవంగా అంగీకరించాయి. హాలిస్ ప్రమాణం చేశాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. చెవులు మామూలు రంగులోనే ఉన్నాయి. లాయరమ్మ సోల్‌బర్గ్ ఆ చెవులను జ్యూరీకి రెండువైపులనుంచీ చూపించింది. ఆపైన చక్రాన్ని తెప్పించి, కోర్టు మధ్యలో బల్ల మీద నిలబెట్టి, మీట నొక్కమంది.

చక్రం కిర్రుమంటూ తిరిగింది. ఎర్రచేప బయల్దేరింది. కోర్టులో గుసగుసలు ఆగిపోయాయి. జడ్జిగారు కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగారు. బంట్రోతు నోరు తెరిచాడు. బ్రిండిల్ లాయర్లు చేతిలో కలాలు అలాగే పట్టుకుని కూర్చున్నారు. ఏదో రాబోతోందన్న నమ్మకంతో అందరి ముఖాలూ వెలిగిపోయాయి. నలభై నిమిషాలు గడిచాయి. హాలిస్‌కు కాలు తిమ్మిరెక్కి, "ఇక ఆపమంటారాండీ?" అని అడగకపోతే ఆ రోజంతా అలాగే గడిచేది.

"ఈ సాధనం పనితీరు విషయంలో కోర్టుకు ఏ అనుమానమూ లేదు" అన్నారు జడ్జిగారు, ఇంకా దానివంకే చూస్తూ.

ఊరి ముఖం పాలిపోయింది. వెనక వరసలో బక్ లాసిటర్ మెడ టై వదులు చేసుకున్నాడు. అప్పుడు బ్రిండిల్ పక్షం పెద్ద లాయరు ప్రెస్కాట్ వేల్ కొత్త బూట్లతో కుంటుకుంటూ లేచాడు.

"టగుల్ గారూ, మీ చక్రం ఆగాక ఏమవుతుంది?"

"చేప వస్తుందండి."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"తొందరలేదు, ఆలోచించుకుని చెప్పండి. నలభై ఐదేళ్ళలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చక్రం ఆగినా చేప రాకుండా ఉందా?"

హాలిస్ వెన్ను నిటారైంది. ఇన్నాళ్ళూ అందరూ ఆయన్ను ఏదో తప్పుచేసినవాడిలా చూశారు. తన పని గురించి అడిగినవాడు ఇతనే మొదలు. "లేదు సార్" అన్నాడు, కోర్టు మోగేలా. "పెద్ద వరదొచ్చి వీధిలో మోకాలి లోతు నీళ్ళున్న రోజు కూడా చక్రం ఆగిందంటే చేప ఇచ్చాను. నా పరువండీ అది."

వేల్ జ్యూరీ వైపు తిరిగాడు. కుంటు మాయమైంది.

"విన్నారు గదా, మహాశయులారా! టగుల్ గారి చక్రం జనానికి ఆశపెట్టి, ఆపైన ఆ ఆశ తీరుస్తుంది. అంటే అది ఒట్టి హోటల్ సామగ్రి. మా కక్షిదారులు కనిపెట్టింది అది కాదు. మా పేటెంట్ ఆసాంతం చదవండి, తొంభై మూడు పేజీలు. చక్రం ఆగాక ఏదైనా వస్తుందని ఒక్క పేజీలో, ఒక్క పంక్తిలో, మాటవరసకైనా మేం అన్నామా? ఫలంతో నిమిత్తం లేని ఆశ! నిర్మలమైన ఆశ! మానవ చరిత్రలో దీన్ని మొదటిసారి యంత్రంలో పెట్టినవాళ్ళం మేం. దీన్ని తెచ్చి చేపలకొట్టుతో పోలుస్తారా?"

కోర్టు హర్షధ్వానాలతో దద్దరిల్లింది. జడ్జిగారు నిశ్శబ్దం పాటించమని చెప్పడానికి కాస్త ఆలస్యం చేశారు. జ్యూరీ లోపలికెళ్ళి కాఫీ చల్లారేలోగా బయటికొచ్చింది. బ్రిండిల్ పేటెంట్ దివ్యంగా చెల్లుతుంది. టగుల్ చక్రం చివర చేప వచ్చే దోషం ఉన్నందున అది వేరే జాతి వస్తువు. పైగా సదరు చక్రాన్ని సాక్షి తప్ప ఊళ్ళో ఏ ఒక్కరూ చూసి ఎరగరని ప్రమాణపూర్వకంగా తేలింది.

మెట్లు దిగుతుంటే ఎల్‌రాయ్ ఎదురయ్యాడు. హాలిస్ ఆగాడు. "ఇరవై ఏళ్ళు ప్రతి శుక్రవారం దాని కిందే కూర్చున్నావు గదరా?"

ఎల్‌రాయ్ నేలచూపులు చూశాడు. "చూశాన్రా. కాదన్ను. కానీ ఆ దృష్టితో చూడలేదు." తరవాత కాస్త ధైర్యం తెచ్చుకుని, "చేప ఎప్పుడూ వస్తుందని చెప్పి నువ్వే గెలిపించావు గదరా వాళ్ళను. ఊరంతా నీకు రుణపడి ఉంది" అన్నాడు.

నిజం చెప్పినందుకు ఊరు తనను వెలేస్తుందనుకున్న హాలిస్‌కు ఆ సాయంత్రం జనం పూలదండ వేశారు. ఏ సంస్థ పంపిన పూలో గాని, బరువుకు మెడ వంగిపోయింది. నొవెల్లా దగ్గరుండి దించింది. ఎందుకో ఆయనకు ఆరోజు అన్నిటికంటే ఎక్కువ సిగ్గేసింది.

మర్నాడు లాయరమ్మ సోల్‌బర్గ్ మళ్ళీ వచ్చింది. ఓడిపోయిన ముఖంలా లేదు. "టగుల్ గారూ, తీర్పు చదివారా? ఆగాక వస్తువు వచ్చే చక్రం ప్రపంచంలో మీదొక్కటేనట. కోర్టే చెప్పింది. అంటే అది వేరే ఆవిష్కరణ. మీ పేరు మీద పేటెంట్ తీసుకుందాం."

నలభై ఐదేళ్ళుగా పదిమందిలో వాడుకలో ఉన్నదానికి కొత్తగా పేటెంట్ ఎలా ఇస్తారని అమాయకులు కొందరు అడగవచ్చు. ఊరంతా ప్రమాణం చేసి చూడలేదన్న వస్తువు వాడుకలో ఉందని ఎలా అంటాం? పేటెంట్ కార్యాలయం వారు ఈ విషయాన్ని కూలంకషంగా పరిశీలించి మూడు వారాల్లో మంజూరు చేశారు. "ఆవిష్కర్త: హాలిస్ జె. టగుల్" అని బంగారు అక్షరాల్లో ఉంది. బళ్ళో హాజరుకు ఇచ్చినది తప్ప హాలిస్ పేరు మీద అంతకుముందు ఏ పత్రమూ రాలేదు. దానికి జతచేసిన ఒప్పందం రెండొందల పన్నెండు పేజీలు.

"చదివి పెట్టవయ్యా సంతకం" అంది నొవెల్లా.

"చదివేదేముందే, నా పేరేగా" అన్నాడు హాలిస్. ఆ పేరునే మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ సంతకం పెట్టేశాడు.

ఒప్పందం నూట డెబ్బయ్యో పేజీ ప్రకారం చక్రం మీద సర్వహక్కులూ టాల్‌వెన్ వారివి. వారం తిరక్కుండానే బ్రిండిల్ వారు టాల్‌వెన్ మీద కొత్త దావా వేశారు. చేప వచ్చే చక్రం అనేది తమ నిర్మలమైన చక్రాన్ని చెడగొట్టి చేసినదేనని ఆరోపణ. విచారణకు పదకొండేళ్ళు పట్టవచ్చని అంచనా. ఊళ్ళో బాణసంచా కాల్చారు. ఎదుటి మేడ మీద ఇంకో అంతస్తు లేచింది, నొవెల్లాకు ముప్ఫై ఒక్క గదులు పెరిగాయి. సాక్ష్యపు వస్తువుగా చక్రాన్ని ఇద్దరు కోర్టు ఉద్యోగులు వచ్చి గోడనుంచి ఊడదీసి తీసుకుపోయారు. ఇప్పుడది కోర్టు వరండాలో గాజుపెట్టెలో ఉంది. తిప్పరాదు.

చక్రం లేని మొదటి శుక్రవారం దుకాణం కిటకిటలాడింది. పది నిమిషాలకు బల్లలు బాదడం మొదలైంది. హాలిస్ పిండి చేతులతో బయటికొచ్చి నిజం చెప్పాడు. "ఇంకో పదకొండు నిమిషాలు పడుతుందండి."

"పదకొండా!" అని జనం కెవ్వుమన్నారు. చక్రం కింద ఇరవై ఐదు నిమిషాలు కిమ్మనకుండా కూర్చున్నవాళ్ళే వాళ్ళంతా.

"నిమిషాలు లెక్కచెప్తే ఎలారా?" అని ఎల్‌రాయ్ మందలించాడు. "ఉట్టి ఆకలైతే ఓర్చుకోవచ్చు. అంకె వేసిన ఆకలిని ఎవడు ఓరుస్తాడు?"

హాలిస్ కుడిచేతి చూపుడువేలు గాలిలో నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతూ నిలబడ్డాడు. ఒక్కొక్కరే ఆ వేలిని చూడసాగారు. బల్లల చప్పుడు ఆగింది. ఎల్‌రాయ్ కూడా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూశాడు. వేలు ఆగింది, చేప వచ్చింది, అందరూ సంతృప్తిగా తిన్నారు.

మూడు శుక్రవారాలు ఇలా గడిచాక రిజిస్టర్డ్ నోటీసు వచ్చింది. ఏడేళ్ళుగా ఒకరి నీడ ఒకరికి గిట్టని బ్రిండిల్, టాల్‌వెన్ సంస్థలు చరిత్రలో మొదటిసారి ఒకే కాగితం మీద సంతకం చేశాయి. "మీ కుడిచేతి చూపుడువేలు అనబడు భ్రమణ సాధనమును" తక్షణం నిలిపివేయాలని అందులో ఉంది. ఫిర్యాదుదారు పేరు గోప్యం. కానీ ఎల్‌రాయ్ క్షవరశాలలో కొత్త కుర్చీలు రెండు వెలిశాయి, ఒక్కోటి ఒక్కో సంస్థ రంగులో.

హాలిస్ ఒక్కడే కోర్టుకు వెళ్ళాడు. లాయర్ని పెట్టుకోలేదు. ఊళ్ళో ఉన్న లాయర్లందరూ అటో ఇటో ఉన్నారు. జడ్జి క్రౌలీ గారు ఇరువైపుల వాదనలూ సుదీర్ఘంగా విని, దుకాణం వేళల్లో సదరు వేలిని తిన్నగా గాని, జేబులో గాని ఉంచుకోవాలని ఉత్తర్వు వేశారు.

"మరి చేప ఇవ్వొచ్చాండీ?" అని అడిగాడు హాలిస్.

"చేప ఇవ్వడానికి ఈ కోర్టుకు ఏ అభ్యంతరమూ లేదు" అన్నారు జడ్జిగారు దయతో. "ఆశ పెట్టకూడదు, అంతే."

హాలిస్ నవ్వాడో లేదో బంట్రోతుకు తెలియలేదుగాని, గడప దాటేదాకా భుజాలు ఎగిరెగిరి పడ్డాయట. మర్నాడు దుకాణం మీద కొత్త బోర్డు వెలిసింది: "ఇక్కడ ఆశలు పెట్టబడవు. చేప దొరుకును." నొవెల్లాయే రాసింది. అక్షరాలు ముద్దుగా కుదిరాయి.

జనం చదివి ముందుకు వెళ్ళిపోయారు. వెళ్ళింది బక్ లాసిటర్ హోటల్‌కు. అక్కడ గోడంత తెర పెట్టి, బ్రిండిల్ వారి లైసెన్సుతో నీలిరంగు చక్రం తిప్పుతున్నారు. దాని ముందు డాబ్స్‌విల్ పౌరులు కుటుంబ సమేతంగా కూర్చుంటున్నారు. చేప కొన్నిసార్లు వస్తుంది, చాలాసార్లు రాదు. రాకపోయినా ఎవరూ కోప్పడరు, రేపు మళ్ళీ వస్తారు. వీధి మలుపు దాకా వరస ఉంటుంది. హాలిస్ దుకాణంలో ఇప్పుడు రోజుకు ఏడెనిమిది మంది తింటారు. ఎదురుచూడాల్సిన పని లేదు. కూర్చోగానే వేడివేడిగా వచ్చేస్తుంది. అందుకే అందులో ఏదో మోసం ఉందని ఊరి అనుమానం.

ఇక టాల్‌వెన్ వారు తమ చేతికి వచ్చిన టగుల్ పేటెంట్‌ను వాడుకోలేదు, వాడుకునే ఉద్దేశమూ లేదు. ఇంకెవరూ వాడకుండా భద్రంగా ఇనప్పెట్టెలో పెట్టారు. కాబట్టి చక్రం తిరిగి ఆగాక అడిగింది ఇచ్చే యంత్రాన్ని తయారుచేయడం ప్రస్తుతం ఎవరికైనా చట్టవిరుద్ధం. మీ తెర మీద చక్రం చాలాసేపు తిరిగి, ఆగి, ఏమీ రాకపోతే దయచేసి యంత్రాన్ని తిట్టకండి. అది చట్టాన్ని గౌరవిస్తోంది. మీరు కూడా ఎప్పటిలాగే ఇంకోసారి నొక్కి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, బుద్ధిగా చూస్తూ కూర్చోండి.